కార్ల్ లిన్నేయస్: పేరు, గురుతు

ఆదికాండము రెండవ అధ్యాయంలో ఆదాముకు దేవుడు అప్పగించిన పనుల్లో ఒకటి జంతువులకు పేర్లు పెట్టడం. భూజంతువులు, ఆకాశపక్షులు అతని ఎదుటికి వచ్చాయి. అతడు ఏ పేరు పెట్టి పిలిస్తే అదే వాటికి పేరయింది. ఈ భాగాన్ని ఎన్నోసార్లు చదివినా మనం అంతగా గమనించని సంగతి ఒకటి ఉంది. ఆదాము తన కంటి ఎదుట నిలిచిన ప్రాణికే పేరు పెట్టాడు. ఎవరో చెప్పగా విన్నదానికి పెట్టలేదు, ఊహించుకున్నదానికి పెట్టలేదు.

ఈ పనినే జీవితవృత్తిగా చేపట్టినవాడు స్వీడన్ దేశపు లూథరన్ పాదిరిగారి కుమారుడు కార్ల్ లిన్నేయస్. మన మామిడికి మాంజిఫెరా ఇండికా అనీ, చింతకు టామరిండస్ ఇండికా అనీ, మర్రికి ఫైకస్ బెంగాలెన్సిస్ అనీ శాస్త్రీయ నామాలు ఇచ్చినది ఆయనే. మనిషికి హోమో సేపియన్స్ అని పేరు పెట్టినదీ ఆయనే. 1778లో కన్నుమూసిన ఈ పండితుని పేర్లు నేటికీ ప్రపంచమంతటా చెల్లుతున్నాయి. అయితే ఆ పేర్లలో ఏది ఏ ప్రాణికి చెందుతుందో నిర్ణయించే పని ఆయన మరణంతో ముగియలేదు. రెండు వందల ఏళ్లకు పైగా సాగింది. ఆయన జీవితాన్ని, ఆయన పేర్ల జీవితాన్ని కలిపి తెలుసుకుంటే విశ్వాసులమైన మనకు కూడా నేర్చుకోవలసిన పాఠం ఒకటి కనబడుతుంది.

పాదిరిగారి ఇల్లు

లిన్నేయస్ 1707 మే 23న దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో రోస్‌హుల్ట్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి నీల్స్ ఆ ప్రాంతపు సంఘంలో సహాయ గురువు, తరువాత స్టెన్‌బ్రూహుల్ట్ సంఘానికి కాపరి. తల్లి క్రిస్టీనా కూడా పాదిరిగారి కుమార్తె. ఆ రోజుల్లో స్వీడన్ పల్లె ప్రజలకు ఇంటిపేర్లు ఉండేవి కావు. ఫలానావాని కొడుకు అని పిలిచేవారు. విశ్వవిద్యాలయంలో చేరడానికి ఇంటిపేరు అవసరమై నీల్స్ తన కుటుంబ భూమిలో ఉన్న ఒక పెద్ద లిండెన్ చెట్టును తలచుకుని లిన్నేయస్ అని పెట్టుకున్నాడు. లోకానికంతా పేర్లు పెట్టబోయే బిడ్డకు ఇంటిపేరు ఒక చెట్టునుంచి రావడం తగినట్టే ఉంది.

నీల్స్ పాదిరిగారికి తోట అంటే ప్రాణం. కొడుకును వెంటబెట్టుకుని ఒక్కొక్క మొక్క పేరు చెప్పేవాడు. చెప్పిన పేరు మరచిపోతే కోపగించేవాడు. పెద్దకొడుకు తనలాగే సంఘసేవకుడు కావాలని తల్లిదండ్రుల కోరిక. కాని వెక్షో పట్టణపు పాఠశాలలో బాలుని మనసు వేదాంతం మీద, హెబ్రీ భాష మీద నిలవలేదు. వీడు గురువృత్తికి పనికిరాడు, ఏదైనా చేతిపనిలో పెట్టండి అని ఉపాధ్యాయులు తండ్రికి సలహా ఇచ్చారు. అప్పుడు అక్కడి వైద్యుడు, ఉపాధ్యాయుడు అయిన రోత్‌మన్ అడ్డుపడి, ఈ పిల్లవానిని వైద్యం చదివించండి, చదువు బాధ్యతలో కొంత నేనే చూసుకుంటాను అని ధైర్యం చెప్పాడు. తల్లి చాలాకాలం బాధపడింది. చివరికి తండ్రి తరువాత ఆ సంఘానికి కాపరి అయినది తమ్ముడు సామ్యూల్.

దేవుడు ఒక తలుపు మూస్తే మరొకటి తెరుస్తాడన్న మాట ఇటువంటి జీవితాల్లో కనబడుతుంది. 1727లో లుండ్‌లోను, 1728 నుంచి ఉప్సాలాలోను లిన్నేయస్ వైద్యవిద్య చదివాడు. ఉప్సాలాలో చేరిన కొత్తలో పేదరికం ఎంతటిదంటే చెప్పుల అరిగిన అడుగున కాగితం పెట్టుకుని నడిచాడట. 1729 వసంతంలో విశ్వవిద్యాలయపు తోటలో మొక్కలు పరిశీలిస్తూ ఉండగా ఒక పెద్దాయన వచ్చి ప్రశ్నలు వేశాడు. ఆయన వేదాంత పండితుడు ఓలోఫ్ సెల్సియస్. పరిశుద్ధ గ్రంథములో చెప్పబడిన చెట్లు, మొక్కలు ఏవో నిర్ణయించే పెద్ద గ్రంథానికి ఆయన అప్పట్లో సామగ్రి కూర్చుకుంటున్నాడు. ఈ యువకుని జ్ఞానానికి ఆశ్చర్యపడి తన ఇంట్లోనే భోజనం, వసతి ఇచ్చాడు. వేదాంతం చదవలేకపోయిన విద్యార్థిని ఆదుకున్నవాడు ఒక వేదాంతి.

1732లో ఉప్సాలా విజ్ఞాన సంఘం ఇచ్చిన కొద్దిపాటి సొమ్ముతో ఆయన ఉత్తరాన లాప్‌లాండ్ ప్రాంతానికి ఒంటరిగా బయలుదేరి సుమారు అయిదు నెలలు తిరిగాడు. మంచు కరిగిన బురదనేలల్లో, కొండల్లో నడిచి మొక్కలు సేకరించి, ఒత్తి ఎండబెట్టి, కాగితాలకు అతికించి తెచ్చాడు. ఇలా భద్రపరచిన మొక్కల నిధినే హెర్బేరియం అంటారు.

ఏడు తలల సర్పం

1735లో వైద్య పట్టం కోసం హాలెండుకు వెళుతూ ఆయన దారిలో జర్మనీలోని హాంబర్గు నగరంలో ఆగాడు. ఆ నగర పెద్ద ఒకరి దగ్గర ఏడు తలల సర్పం ఒకటి ఉందని యూరపు అంతటా ప్రసిద్ధి. ప్రేగ్ నగరంలోని ఒక దేవాలయం నుంచి 1648 నాటి యుద్ధపు దోపిడీలో అది బయటికి వచ్చిందని చెప్పుకునేవారు. గొప్ప ధరకు అమ్మజూపుతున్నారు. లిన్నేయస్ దానిని దగ్గరగా చూశాడు. దవడలు, పాదాలు ముంగిస వంటి చిన్న జంతువులవి. ఒంటికి పాము చర్మం అతికించి ఉంది. ప్రకటన గ్రంథంలోని మృగాన్ని ప్రజలకు చూపడానికి పూర్వం ఎవరో సన్యాసులు తయారుచేసి ఉంటారని ఆయన అభిప్రాయపడ్డాడు. ఈ సంగతి బయటపెట్టగానే సర్పం ధర పడిపోయింది. యజమానుల కోపానికి భయపడి ఆయన త్వరగా ఊరు విడిచాడు.

ఈ చిన్న సంఘటనలో ఆయన పద్ధతి అంతా ఉంది. పేరు ఎంత గొప్పదైనా, కథ ఎంత పాతదైనా, ముందు ఆ వస్తువును చేతిలోకి తీసుకుని చూడాలి. ప్రకటన గ్రంథం మీద ఆయనకు అవిశ్వాసం లేదు. అతుకులు వేసిన తోలుబొమ్మ దేవుని సృష్టి కాదని చెప్పడమే భక్తి అని ఆయన భావించాడు.

రెండు మాటల పేర్లు

హాలెండులో హార్డర్‌వైక్‌లో వైద్య పట్టం పొంది, అదే ఏడాది లైడెన్ నగరంలో సిస్టమా నేచురే అనే గ్రంథం అచ్చువేయించాడు. ఖనిజాలు, మొక్కలు, జంతువులు అన్నింటినీ వరుసగా అమర్చిన ఆ పుస్తకం మొదటి ముద్రణలో పన్నెండు పెద్ద పుటలకు మించలేదు. 1738లో స్వదేశం చేరి స్టాక్‌హోమ్‌లో వైద్యం చేశాడు. 1739లో సారా ఎలిసబెత్‌ను వివాహమాడాడు. 1741లో ఉప్సాలాలో ఆచార్యుడయ్యాడు. ఇక చివరివరకు అదే ఆయన ఊరు.

అప్పటివరకు ఒక మొక్క పేరు అంటే ఒక వాక్యమే. బుడగలాంటి తొడుగులో చిన్న పండు కాసే ఫైసాలిస్ మొక్క ఒకదానిని, ఏటేటా మొలిచే, బాగా కొమ్మలు వేసే, కొమ్మలు పలకలుగా నున్నగా ఉండే, ఆకుల అంచులకు పళ్లుండే ఫైసాలిస్ అని లాటిన్‌లో పిలవవలసి వచ్చేది. లిన్నేయస్ దానికి ఫైసాలిస్ అంగులేటా అని రెండే మాటల పేరు పెట్టాడు. మొదటి మాట ప్రజాతిది, రెండవది జాతిది. ఇంటిపేరు, పెట్టిన పేరు ఉన్నట్టే. 1753లో అచ్చయిన స్పీషీస్ ప్లాంటారమ్‌లో దాదాపు 6,000 మొక్కలకు, 1758 నాటి సిస్టమా నేచురే పదవ ముద్రణలో నాలుగు వేలకు పైగా జంతువులకు ఇలా పేర్లు ఇచ్చాడు. నేటికీ మొక్కల నామకరణానికి 1753, జంతువుల నామకరణానికి 1758 ప్రారంభ సంవత్సరాలు.

ఇంత గొప్ప పనిలో ఒక లోటు మిగిలిపోయింది. ఒక్కొక్క పేరు కింద ఆయన కొద్ది మాటల వర్ణన రాసి, పూర్వపు గ్రంథాలను, చిత్రాలను పేర్కొన్నాడు. ఎన్నో పేర్లకు ఆయన దగ్గర ఎండు నమూనాలు ఉన్నాయి. కొన్నింటికి పుస్తకాల్లోని బొమ్మలే ఆధారం. మన దేశపు చెట్ల విషయంలో డచ్చి గవర్నరు వాన్ రీడే మలబారులో తయారుచేయించి ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా అచ్చువేయించిన హోర్టస్ మలబారికస్ చిత్రాలు ఆయనకు పెద్ద ఆధారం. అయితే ఈ పేరుకు ఇదిగో ఇదే మూలం అని ఆయన ఏ ఒక్క నమూనానూ విడిగా నిలపలేదు. ఆనాడు అటువంటి ఆచారమే లేదు. ఒకే పేరు కింద పేర్కొన్న మూడు ఆధారాలు మూడు వేర్వేరు జాతులవైతే ఆ పేరు ఎవరిది? ఈ ప్రశ్న ఆయన తరువాతి తరాలకు మిగిలింది.

తిరిగిరాని శిష్యులు

ఆయన తన శిష్యులను దేశదేశాలకు పంపి నమూనాలు తెప్పించేవాడు. వారిని అపొస్తలులని పిలుచుకున్నాడు. అపొస్తలులవలెనే వారిలో పలువురు ప్రాణాలు అర్పించారు. పాలస్తీనా దేశపు మొక్కలు, జంతువుల గురించి శాస్త్రానికి ఏమీ తెలియదని గురువు తరగతిలో విచారపడగా విని, ఫ్రెడరిక్ హాసెల్‌క్విస్ట్ అనే బీద విద్యార్థి, రొమ్ము జబ్బు ఉన్నవాడైనా, 1749లో బయలుదేరాడు. ఐగుప్తు, పరిశుద్ధ దేశం తిరిగి, 1752లో స్ముర్న దగ్గర ముప్పై ఏళ్ల వయసులో మరణించాడు. అతని సేకరణలను అప్పులవాళ్లు పట్టుకోగా, స్వీడన్ రాణి సొమ్ము చెల్లించి విడిపించింది. గురువే కూర్చుని ఆ శిష్యుని ప్రయాణ గ్రంథాన్ని 1757లో అచ్చువేయించాడు.

మన తెలుగునేలలో నిద్రించిన శిష్యుడు కూడా ఒకడున్నాడు. బాల్టిక్ తీరపు లివోనియాలో 1728లో పుట్టిన యోహాన్ గెర్హార్డ్ కొనిగ్ లిన్నేయస్ దగ్గర చదివి, 1760ల చివర తరంగంబాడిలోని డేనిష్ లూథరన్ మిషనుకు వైద్యుడుగా వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేస్తూ, కోరమాండల్ తీరమంతా మొక్కలు సేకరించాడు. 1785 జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. చివరి రోజుల్లో దగ్గర ఉండి చూసినవాడు, సామర్లకోటలో మొక్కల తోట పెంచిన డాక్టరు విలియం రాక్స్‌బరో.

మనం రోజూ పోపులో వేసుకునే కరివేపాకు ఈ కొనిగ్ పేరునే మోస్తోంది. లిన్నేయస్ 1771లో దానికి బెర్గెరా కొనిగై అని పేరు పెట్టాడు. 1825లో మరొక శాస్త్రవేత్త దానిని ముర్రయా ప్రజాతిలోకి మార్చాడు. ఈ మధ్యకాలంలో పలువురు మళ్లీ బెర్గెరాలోకే తెచ్చారు. ఇంటిపేరు మారినా కొనిగై అన్న మాట మాత్రం మొక్కను వదలలేదు. లూథరన్ మిషను వైద్యుని జ్ఞాపకం ఇలా ప్రతి తెలుగింటి వంటగదిలో నిలిచింది.

అమ్ముడుపోయిన నిధి

లిన్నేయస్‌కు ప్రభువంశపు హోదా లభించి వాన్ లిన్నే అయ్యాడు. ఉప్సాలాకు సమీపాన హామర్‌బీలో ఎస్టేటు కొన్నాడు. 1766లో ఉప్సాలాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక ఆయనకు ఒకటే భయం. ఇల్లు కాలితే మళ్లీ కట్టుకోవచ్చు, నమూనాలు కాలితే మళ్లీ రావు. అందుకని హామర్‌బీ గుట్టమీద, మంట అంటుకోకుండా, పొయ్యి కూడా లేని చిన్న రాతి భవనం కట్టించి సేకరణలను అందులోకి చేర్చాడు. 1774లో పక్షవాతం వచ్చింది. జ్ఞాపకం క్రమంగా చెదిరిపోయింది. వేల పేర్లు నోటికి ఉన్న ఆ మనిషికి చివరికి తన పేరే గుర్తుండేది కాదని జీవితచరిత్రకారులు రాశారు. 1778 జనవరి 10న మరణించాడు. ఉప్సాలా కెతెడ్రల్ దేవాలయంలో సమాధి చేశారు.

తండ్రి స్థానంలోకి వచ్చిన కుమారుడు 1783లో చనిపోయాడు. కుమార్తెల కోసం సొమ్ము కావలసి భార్య సారా ఆ సేకరణలను అమ్మకానికి పెట్టింది. లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు కబురు రాగా, ఆయన తాను కొనక, ఆ ఉదయం తన ఇంట ఫలాహారానికి వచ్చిన జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే యువ వైద్యవిద్యార్థిని కొనమన్నాడు. స్మిత్ తండ్రిని బతిమాలి 1,000 గినీలకు కొన్నాడు. 1784లో మొక్కలు, పురుగులు, చేపలు, గుల్లలు, పుస్తకాలు, ఉత్తరాలు ఓడ ఎక్కి లండన్ చేరాయి. స్వీడన్ దేశం ఈ నష్టాన్ని చాలాకాలం తలచుకుని బాధపడింది. స్మిత్ 1788లో లిన్నేయన్ సొసైటీని స్థాపించాడు. ఆయన మరణానంతరం ఆ సొసైటీ అప్పుచేసి ఆ నిధిని కొన్నది. ఆ అప్పు తీర్చడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అందులో 14,000కు పైగా ఎండు మొక్కల కాగితాలు ఉన్నాయి.

ఎండిపోయిన ఆకులకోసం ఇంత శ్రమ ఎందుకు అని అడగవచ్చు. దానికి సమాధానమే ఈ వ్యాసానికి ముఖ్యాంశం.

గురుతు అంటే ఏమిటి

ఒక పేరు దేనికి చెందుతుందో తేల్చడానికి వర్ణన చాలదు. మాటలకు రెండర్థాలు వస్తాయి. వర్ణించినవాడు గమనించని లక్షణమే రేపు ముఖ్యమవుతుంది. అందుకని శాస్త్రవేత్తలు, ముఖ్యంగా ఇరవయ్యో శతాబ్దంలో, ఒక నియమం చేసుకున్నారు. ప్రతి జాతి పేరునూ ఒక నమూనాకు ముడివేయాలి. దానిని టైపు నమూనా అంటారు. సందేహం వచ్చినప్పుడు ఎవరైనా వెళ్లి దానినే చూడవచ్చు. కొత్తగా పెట్టే మొక్కల పేర్లకు 1958 నుంచి టైపును తెలపడం తప్పనిసరి. జంతువులకు 2000 నుంచి మరింత గట్టి నిబంధన వచ్చింది.

టైపు అన్నది గ్రీకు మాట. దెబ్బవల్ల, ఒత్తిడివల్ల పడిన ముద్ర అని దాని మొదటి అర్థం. క్రొత్త నిబంధనలో తోమా చూడగోరిన మేకుల గాయాలకు వాడిన గ్రీకు మాట అదే. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు ఆదామును గూర్చి వాడినదీ అదే. మన తెలుగు బైబిలులో ఈ రెండుచోట్లా గురుతు అనే మాట ఉంది. ఇంతకంటె మంచి తెలుగు మాట టైపుకు దొరకదు. తోమా వర్ణనతో తృప్తి పడలేదు, గురుతు చూస్తానన్నాడు. ప్రభువు అతనిని తోసివేయలేదు, గురుతు చూపాడు.

గురుతు నమూనాలు కొన్ని విధాలు. పేరు పెట్టినవాడే ఒక్క నమూనాను ఎంచి ప్రకటిస్తే అది హోలోటైపు. ఎంచకుండా పలు నమూనాలను ఆధారం చేసుకుంటే అవన్నీ సిన్‌టైపులు. తరువాతివారు ఆ పాతవాటిలోనుంచి ఒకదానిని నియమప్రకారం ఎంచి ప్రచురిస్తే అది లెక్టోటైపు. ఒకసారి సక్రమంగా ఎంచాక తరువాతివారు దానికి కట్టుబడాలి. మూలాధారాలన్నీ నశిస్తే, అవసరమైనప్పుడు మాత్రం, కొత్తగా నిలిపేది నియోటైపు. పాత మొక్కల పేర్లకు పుస్తకంలోని చిత్రం కూడా గురుతు కావచ్చు.

మన రాయలసీమ నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త మెరిసే నీలిరంగు పెద్ద సాలీడు ఒకదానిని పోసిలోథీరియా మెటాలికా అని వర్ణించాడు. ఆధారం ఒకే ఒక్క సాలీడు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ తరువాత నూరేళ్లపాటు అటువంటిది మళ్లీ శాస్త్రవేత్తల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడింది. కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరిన సాలీడే మొదటిదై ఉంటుందని అంచనా. ఈ నూరేళ్లూ ఆ పేరును నిలబెట్టినది భద్రపరచిన ఆ ఒక్క నమూనా.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. గురుతు నమూనా ఆ జాతిలో శ్రేష్ఠమైనది కానక్కరలేదు. సాధారణమైనది కూడా కానక్కరలేదు. రెక్క విరిగిన పురుగు, పుచ్చిన ఆకు గురుతుగా ఉండవచ్చు. మిగతావన్నీ దానిలాగే ఉండాలని నియమం లేదు. అది కొలబద్ద కాదు, సాక్షి. ఈ పేరు ఇక్కడ మొదలయింది అని సాక్ష్యమివ్వడమే దాని పని.

సాక్షి పోతే ఏమవుతుందో చరిత్ర చూపింది. 1943 మార్చిలో బాంబుల దాడిలో బెర్లిన్ హెర్బేరియం చాలావరకు కాలిపోయింది. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడి అసంఖ్యాకమైన పురుగుల గురుతు నమూనాలు బూడిదయ్యాయి. లిన్నేయస్ రాతి భవనం కట్టించుకున్నది వృథా భయంతో కాదు.

ఆయన మొక్కల పేర్లకు గురుతులు నిలిపే పెద్ద ప్రయత్నం 1981లో లండన్ మ్యూజియంలో మొదలయింది. లండన్, స్టాక్‌హోమ్, ఇంకా ఎన్నో చోట్ల ఉన్న కాగితాలు, పాత చిత్రాలు ఒక్కొక్కటే పరిశీలించారు. చార్లీ జార్విస్ 9,000కు పైగా పేర్ల వివరాలతో 2007లో, లిన్నేయస్ పుట్టిన మూడు వందల ఏళ్లకు, గ్రంథం వెలువరించాడు. పేరు పెట్టడానికి ఒక జీవితకాలం పట్టింది. గురుతు నిలపడానికి రెండు శతాబ్దాలు.

ఏనుగు సంగతి

ఈ పనిలో వింతలు కూడా బయటపడ్డాయి. 1758లో లిన్నేయస్ ఏనుగుకు ఎలిఫస్ మాక్సిమస్ అని పేరు పెట్టి, నివాసం సింహళమని రాశాడు. ఆఫ్రికా ఏనుగు వేరు అన్న సంగతి ఆనాడు తెలియదు. నేడు ఆ పేరు మన ఆసియా ఏనుగుకు చెల్లుతుంది. ఆయన ఆధారాల్లో ముఖ్యమైనది స్వీడన్ రాజుగారి సేకరణలో సారాయంలో భద్రపరచిన ఏనుగు పిండం. దానిలోని ప్రోటీనులను, వంశపదార్థాన్ని పరీక్షించగా అది ఆఫ్రికా ఏనుగు పిండమని తేలినట్లు 2013లో ప్రకటించారు. అదే గురుతు అయితే మన ఏనుగు పేరు ఆఫ్రికాకు పోవలసిందే!

శాస్త్రవేత్తలు లిన్నేయస్ పుస్తకాన్నే మళ్లీ తెరిచారు. ఆయన పేర్కొన్న మరొక ఆధారం ఇంగ్లండు మతగురువు, ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే రాసిన వర్ణన. రే ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో ఒక ఏనుగు అస్థిపంజరాన్ని చూసి రాశాడు. అది యూరపు అంతటా ఊరూరా తిప్పి ప్రదర్శించిన హాన్స్‌కెన్ అనే ఏనుగుది. 1655లో ఫ్లోరెన్సులో చనిపోయింది. అస్థిపంజరం నేటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. పరీక్షిస్తే అది నిస్సందేహంగా ఆసియా ఏనుగు. దానినే లెక్టోటైపుగా ఎంచారు. మూడున్నర శతాబ్దాలు ఎముకలను పారవేయకుండా కాపాడిన వారివల్ల ఒక పేరు తప్పిపోకుండా నిలిచింది.

మనిషికి గురుతు ఎవరు?

ఇక చివరి మాట మనిషిని గురించి. దీనిలో లిన్నేయస్ గొప్పతనం, లోపం రెండూ ఉన్నాయి. లోకంలోని మనుషులందరినీ ఆయన ఒకే జాతిగా ఒకే పేరు కింద ఉంచాడు. ఒక్కనినుండి సకల జనములు కలిగెనన్న విశ్వాసానికి అది తగినదే. కాని ఆ పేరు కిందనే మనుషులను ఖండాలవారీగా నాలుగు రకాలుగా విడదీశాడు. 1758 ముద్రణలో ఒక్కొక్క రకానికి రంగు, గుణం కట్టబెట్టాడు. యూరపువారు చట్టం ప్రకారం నడుచుకుంటారట. ఆసియావారు దిగులు స్వభావం గలవారు, అహంకారులు, పేరాశ గలవారట. ఆఫ్రికావారు సోమరులు, ఇష్టం వచ్చినట్లు నడుచుకునేవారట. ఈ రాతలు తరువాతి కాలంలో జాతి గర్వానికి, బానిస వ్యాపారానికి, వలస పాలనకు వత్తాసు పలికినవారి చేతుల్లో ఆయుధాలయ్యాయి. వర్ణం పేరిట మనిషిని తక్కువచేసే అలవాటు వల్ల కలిగే గాయం మన దేశపు సంఘానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

లిన్నేయస్ జీవితంలో ఎన్నడూ యూరపు దాటి రాలేదు. మన దేశపు మనుషుల మధ్య ఒక్కరోజు కూడా బతకలేదు. హాంబర్గులో ఏడు తలల సర్పాన్ని చేతిలోకి తీసుకుని చూడనిదే నమ్మనన్న మనిషి, ఆసియా, ఆఫ్రికా జనులను గూర్చి నావికులు, వర్తకులు చెప్పిన మాటలు చూడకుండానే నమ్మాడు. ఆయన మొక్కల్లో చేసిన పొరపాట్లను దిద్దడానికి ఎండు మొక్కలు సాక్షులుగా నిలిచాయి. మనుషులను గూర్చి రాసినదానికి ఆయన దగ్గర ఏ సాక్షీ లేదు. వినికిడి మాటకు అతికించిన తోలు తప్ప మరేమీ లేదు.

మరి మనిషి జాతికి గురుతు నమూనా ఏది? ఆయన దేనినీ నిలపలేదు. మనిషి లక్షణాలు రాయవలసినచోట, నిన్ను నీవే తెలుసుకో అన్న భావంతో ఊరుకున్నాడు. 1959లో విలియం స్టెర్న్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ ప్రశ్నకు సమాధానం రాశాడు. పేరు పెట్టినవాడు బాగా పరిశీలించి రాసిన నమూనాయే గురుతు కావాలి. లిన్నేయస్ తన స్వీయచరిత్రను పలుమార్లు రాసుకున్నాడు. కనుక ఆయన అందరికంటె బాగా పరిశీలించిన మనిషి ఆయనే. ఆయన భౌతికకాయం ఎక్కడ ఉందో కూడా తెలుసు. అందుచేత మనిషి జాతికి గురుతు లిన్నేయస్సే. మనిషి ఎవరో ఎవరికీ సందేహం లేదు గనుక ఈ నిర్ణయం లాంఛనంగా అవసరమా అని వాదించేవారు ఉన్నా, ఈ మాట శాస్త్రలోకంలో నిలిచిపోయింది.

ఇందులోని న్యాయం ఆలోచించదగినది. గురుతు కొలబద్ద కాదని చెప్పుకున్నాము. స్వీడన్ పాదిరిగారి కొడుకు మనిషికి గురుతు అయితే మనమంతా ఆయనలా ఉండాలని కాదు, ఆయన మనకంటె ఎక్కువ మనిషి అనీ కాదు. ఇతరులను మెట్లుమెట్లుగా నిలబెట్టినవాడు, చివరికి తానే ఒక నమూనాగా, పక్షవాతం వచ్చి తన పేరే మరచిన దేహంగా, దేవాలయపు నేల కింద ఉన్నాడు. అటు ఉప్సాలాలో ఉన్న ఆయనకు, ఇటు గోదావరి ఒడ్డున నాట్లు వేసే కూలీకి పేరు ఒక్కటే. మనిషికి కొలబద్ద కావలసివస్తే విశ్వాసులు చూడవలసినది వేరొకరివైపు. పౌలు మాట ప్రకారం మొదటి ఆదాము రాబోయే ఆయనకు గురుతు మాత్రమే.

నూరేళ్ల పండుగ జరుపుకుంటున్న మన అధ్యక్ష మండలానికి ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. మన సంఘాల ఆరంభాన్ని గురించి మనం చెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి. తరం మారేకొద్దీ అవి పెరుగుతాయి, కొన్నిచోట్ల అతుకులు పడతాయి. మొదటి బాప్తిస్మముల రిజిస్టరు, పాత వివాహపు పుస్తకం, కమిటీ తీర్మానాలు, గుడి కట్టిననాటి లెక్కలు, సమాధుల మీది రాళ్లు మన గురుతు నమూనాలు. వాటిలో మన మొదటి విశ్వాసుల పేర్లు ఉన్నాయి. ఊరు పేరు పెట్టి కులం పేరుతో పిలిచిన మనుషులకు మొట్టమొదటగా గౌరవంగా రాసిన పేర్లు అవి. చెద, తేమ, అగ్ని వాటి జోలికి రాకుండా బీరువాలో భద్రపరచడం, నకళ్లు తీయించి వేరొకచోట ఉంచడం ఈ శతవార్షికోత్సవ సంవత్సరంలో ప్రతి సంఘ కమిటీ చేయగలిగిన పని. ఆ పుటలు చిరిగి ఉండవచ్చు, సిరా వెలిసిపోయి ఉండవచ్చు. సాక్షికి అందం అక్కరలేదు, ఉండడం చాలు.